బెయిలు వచ్చింది, మనిషి రాలేదు: ఒక న్యాయవాది కార్యాలయం పనితీరుపై సమీక్ష

హోటల్లో సాంబారు చల్లారిందని, మిక్సీ ఆరు నెలలకే మూలబడిందని సమీక్షలు రాసేవారు చాలామంది ఉన్నారు గానీ, క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదుల కార్యాలయాల గురించి రాసేవారు దాదాపు కనిపించరు. ఆ సేవ అవసరమైన కుటుంబం ఆ విషయాన్ని పక్కింటివారికి కూడా చెప్పుకోలేకపోవడమే అందుకు కారణం. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా తమ్ముడి కొడుకు ఇరవై రాత్రులు ఇంటికి దూరంగా గడిపితే, బంధువులందరికీ వాడు పని మీద హైదరాబాదు వెళ్లాడని చెప్పాము. ఇప్పుడు ఏడాది గడిచింది కనుక, మేము మాట్లాడుకున్న న్యాయవాది కార్యాలయం ఏ పని బాగా చేసిందో, ఏ పని చేయలేదో, దానితో పాటు బెయిలు అనే వ్యవహారం నిజంగా ఎలా నడుస్తుందో రాయాలనిపించింది. కార్యాలయం పేరు, ఊరి పేరు రాయడం లేదు. కోస్తా ఆంధ్రలోని ఒక జిల్లా కేంద్రం అని మాత్రం చెప్పగలను.

కేసు చిన్నదే. పొలం గట్టు మీద తగాదా మాటల నుంచి తోపులాట దాకా వెళ్లింది, మావాడు పార కర్రతో ఎదుటివారి తల మీద కొట్టాడు, ఆరు కుట్లు పడ్డాయి. వాడిది తప్పు కాదని నేను అనను. శనివారం సాయంత్రం పోలీసులు వాడిని తీసుకువెళ్లారు, ఆదివారం మధ్యాహ్నం మేజిస్ట్రేటు గారి ఇంటి వద్ద హాజరుపరిచారు. అరెస్టు చేసిన 24 గంటల్లోగా, ప్రయాణ సమయాన్ని మినహాయించి, మేజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతుంది కనుక, ఆ ఒక్క విషయంలో సెలవు రోజు కూడా అడ్డు రాలేదు. పద్నాలుగు రోజుల రిమాండు విధించి సబ్‌జైలుకు పంపారు.

ఎఫ్ఐఆర్‌లో, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత కింద మూడు సెక్షన్లు ఉన్నాయి. మామూలుగా గాయపరచినందుకు 115(2), ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచినందుకు 118(1), హత్యాయత్నానికి 109. మొదటిది బెయిలు ఇచ్చి తీరవలసిన నేరం, అంటే అక్కడ బెయిలు నిందితుడి హక్కు, అధికారి దయ కాదు. రెండవదానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, ముందుగా హాజరు కమ్మని నోటీసు ఇవ్వడాన్ని పరిశీలించాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టు, బెయిలు వంటివాటి పద్ధతి చెప్పే ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఆ నోటీసు 35(3) కింద ఉంది. కాని మూడవ సెక్షన్ చేరగానే లెక్క మారిపోయింది. హత్యాయత్నంలో గాయం కూడా అయితే శిక్ష యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. ఆ ఒక్క అంకె రాసిన చేతిలోనే సగం బెయిలు ఉందని మాకు ఆ రోజు తెలియదు.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి మేము న్యాయవాది కార్యాలయానికి వెళ్లాము. ప్లీడరు గారు కాగితాలు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది: "మాస్టారూ, అబ్బాయిని ఎందుకు అరెస్టు చేశారో కారణాలు కాగితం మీద రాసి ఇచ్చారా, నోటితో చెప్పి ఊరుకున్నారా?" అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు ఈమధ్య కాలంలో చాలా గట్టిగా పట్టించుకుంటోందని, అది లేకపోతే అరెస్టునే ప్రశ్నించవచ్చని ఆయన వివరించారు. మావాడికి కాగితం ఇచ్చారు కనుక ఆ దారి మూసుకుపోయింది, అయినా ఆ ప్రశ్న వేసినందుకు ఆయనకు మంచి మార్కులే వేస్తాను. అదే రోజు గుమస్తా గారు సబ్‌జైలుకు వెళ్లి, వకాలతు మీద మావాడి సంతకం చేయించి, జైలు సూపరింటెండెంటు ధ్రువీకరణతో తీసుకువచ్చారు. జైల్లో ఉన్న మనిషి తరఫున వాదించడానికి ముందుగా కావలసిన కాగితం అదేనని చాలామందికి తెలియదు.

అక్కడి నుంచి తప్పటడుగు పడింది. మంగళవారం నాడు బెయిలు దరఖాస్తును మేజిస్ట్రేటు కోర్టులో వేశారు. మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని పడగల నేరం చేశాడని నమ్మడానికి తగిన ఆధారాలు కనిపిస్తే, మహిళలు, పిల్లలు, రోగగ్రస్తులు, అశక్తుల వంటి మినహాయింపులు తప్ప, మేజిస్ట్రేటు బెయిలు ఇవ్వకూడదని ఆ సురక్షా సంహితలోని 480వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి 109 ఉన్న కేసులో ఆ దరఖాస్తు నిలవడం కష్టమని అనుభవం ఉన్న ఏ న్యాయవాదికైనా తెలుసు. 483వ సెక్షన్ కింద నేరుగా సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి చట్టం అడ్డు చెప్పదు. అయినా శుక్రవారం దాకా అక్కడే తిరిగాము, శుక్రవారం సాయంత్రం దరఖాస్తు కొట్టివేశారు, మరునాడు రెండో శనివారం, ఆ తరువాత ఆదివారం. నేను తరువాత అడిగితే, కింది కోర్టులో ఒకసారి ప్రయత్నించి వెళ్లడం ఇక్కడ అలవాటు అని ఆయన అన్నారు. ఆ అలవాటు ఖరీదు ఆరు రోజులు, ఎనిమిది వేల రూపాయలు.

సెషన్స్ కోర్టులో మాత్రం ఆయన పనిని తప్పుపట్టలేను. సోమవారం వేసిన దరఖాస్తు బుధవారం విచారణకు వచ్చింది. పోలీసు స్టేషను నుంచి కేసు డైరీ రాలేదని పబ్లిక్ ప్రాసిక్యూటరు గడువు అడగడంతో శుక్రవారానికి వాయిదా పడింది. ఆ రెండు రోజుల్లో ఆయన ఊరికే కూర్చోకుండా ఆసుపత్రి నుంచి వచ్చిన గాయాల ధ్రువపత్రం సంగతి కనుక్కున్నారు, క్షతగాత్రుడు ఇంటికి చేరాడని తెలుసుకున్నారు. వాదన పావుగంట కూడా సాగలేదు. బెయిలు విచారణలో నేరం చేశాడా లేదా అన్నది తేల్చరని, మూడు సందేహాలను మాత్రమే ముఖ్యంగా చూస్తారని నాకు అక్కడ వెనుక బల్ల మీద కూర్చున్నప్పుడు అర్థమైంది: ఈ మనిషి పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్లీ ఇటువంటి పనే చేస్తాడా. ఆయన ఆ మూడింటికీ వరుసగా సమాధానం చెప్పారు. పొలం ఇక్కడే, ఇల్లు ఇక్కడే, పాత కేసులు లేవు, స్టేట్‌మెంట్లు నమోదయ్యాయి, ఆయుధం స్వాధీనమైంది. పెద్ద గొంతుతో కాదు, ఎదుటివారి కడుపు మంటను కించపరచకుండా. ఆ తరువాతి సోమవారం బెయిలు మంజూరైంది. బెయిలు దరఖాస్తులను రెండు వారాల్లో తేల్చాలని 2022లో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. మాకు సెషన్స్ కోర్టులో పట్టింది ఒక వారమే.

ఇక్కడ ఒక చిన్న పక్క మాట. బెయిలు అంటే కోర్టుకు డబ్బు కట్టి మనిషిని విడిపించుకోవడమని మా తమ్ముడు గట్టిగా నమ్మాడు, ఎద్దులను అమ్మి యాభై వేలు జేబులో పెట్టుకుని వచ్చాడు. మన దగ్గర సాధారణంగా జరిగేది అది కాదు. నిందితుడు ఒక బాండు రాస్తాడు, అతని కోసం పూచీ పడేవారు ఒక్కొక్కరు ఒక్కో బాండు రాస్తారు. వాయిదాకు రాకపోతే ఫలానా మొత్తం చెల్లిస్తామన్న మాట అది. పైసా చేతులు మారదు, మాట తప్పినప్పుడే 491వ సెక్షన్ కింద ఆ మొత్తం వసూలుకు నోటీసు వస్తుంది. మావాడికి వేసిన షరతులు పదివేల రూపాయల సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు, ప్రతి ఆదివారం స్టేషనులో సంతకం, సాక్షుల జోలికి పోకూడదన్న హెచ్చరిక. మొత్తం కలిపి ముప్ఫై వేల రూపాయల మాటలు, అన్నీ కాగితం మీద.

బెయిలు వచ్చిందని సోమవారం సాయంత్రం మా మరదలికి ఫోను చేసి చెప్పాను. ఆమె రాత్రికే వంట మొదలుపెట్టింది. మనిషి ఇంటికి చేరింది శుక్రవారం ఉదయం. ఈ నాలుగు రాత్రుల గురించే ఈ సమీక్ష రాయాలనిపించింది.

వాదనలో అంత నేర్పు చూపిన కార్యాలయం, ఉత్తర్వు వచ్చిన తరువాత ఏమి కావాలో మాకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. ఉత్తర్వు నకలు మంగళవారం మధ్యాహ్నానికి చేతికి వచ్చింది. పూచీకత్తులు సెషన్స్ కోర్టులో కాదు, మా మండలం మీద అధికారం ఉన్న మేజిస్ట్రేటు కోర్టులో ఇవ్వాలని అప్పుడు తెలిసింది. జామీనుదారులుగా ఎవరిని తీసుకురావాలని అడిగితే, "ఇల్లో పొలమో ఉన్నవాళ్లను ఇద్దరిని తీసుకురండి" అన్నారు గుమస్తా గారు. ముప్ఫై ఏళ్లుగా సొంత ఇంట్లో ఉంటున్నాను, నేనే ఒక జామీనుదారును అనుకున్నాను. బుధవారం ఉదయం ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదు పట్టుకుని కోర్టుకు వెళ్లాను. రసీదు మీద ఉన్నది పద్దెనిమిదేళ్ల క్రితం పోయిన మా నాన్నగారి పేరు. బెంచి గుమాస్తా దానిని చూసి, మర్యాదగానే, తిరిగి నా చేతిలో పెట్టాడు. అన్నదమ్ముల మధ్య పంపకం కాగితం లేదు, రసీదు నా పేరున లేదు, కనుక కోర్టు దృష్టిలో నాకు ఇల్లు లేదు. ముప్ఫై ఆరేళ్లు బడిలో హాజరుపట్టీలు రాసిన మనిషికి ఒక బాండు మీద సంతకం చేసే అర్హత లేకపోయింది. మా తమ్ముడి తోడల్లుడికి ఇల్లు ఆయన పేరుననే ఉంది గాని, ఆ ఇంటి విలువను ధ్రువీకరించే పత్రం తేలేదు. అది గ్రామ సచివాలయం నుంచి తీసుకోవాలి, ఆ రోజు కార్యదర్శి గారు సమావేశానికి వెళ్లారు. ఈ మూడు ముక్కలు సోమవారం నాడు ఒక చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే మంగళవారమే సమకూర్చుకునేవాళ్లం.

ఆ బుధవారం మధ్యాహ్నం కోర్టు ఆవరణలోని వేపచెట్టు కింద, గుమస్తా గారు మరొక దారి సూచించారు. తెలిసినవారు ఉన్నారని, మనిషికి ఇంత ఇస్తే కాగితాలతో సహా వచ్చి సంతకం పెట్టి వెళతారని చెప్పారు. ముఖం తెలియని మనిషి మా పిల్లవాడి కోసం కోర్టులో ప్రమాణం చేయడమేమిటని అడిగితే, "అందరూ చేసేదే మాస్టారూ" అన్నారు. అప్పుడు ప్లీడరు గారు అక్కడ లేరు, ఆయనకు తెలిసి జరిగిందని నేను అనను. 486వ సెక్షన్ ప్రకారం ప్రతి జామీనుదారు, తాను ఇంతకుముందు ఎందరికి పూచీ ఉన్నాడో వివరాలతో సహా కోర్టుకు ప్రకటించాలి. వారానికి నలుగురికి పూచీ ఉండే మనిషి అక్కడ నిజం చెప్పలేడు, దొంగ కాగితం బయటపడిన రోజున బెయిలుకే ఎసరు వస్తుంది, పైగా కొత్త కేసు. మా మరదలు ఏడుస్తూ అయినా సరేనందామన్నది. నేను వద్దన్నాను. ఆ రాత్రి మావాడు జైల్లోనే ఉన్నాడు కాబట్టి, ఆ మాట అనడం సులువు కాలేదు.

ఇదంతా నాకు ఒక్కడికి ఎదురైన వింత కాదు, మన బెయిలు వ్యవస్థలో ఎప్పటినుంచో ఉన్న పుండు. 1978లో మోతీరాం అనే తాపీ పనివాడికి సుప్రీంకోర్టు బెయిలు ఇవ్వమంటే, కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ అడిగారు. ఆ రోజుల్లో ఒక కూలీకి అది ఊహకు కూడా అందని మొత్తం. పైగా అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీని తిరస్కరించారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మొత్తాన్ని వెయ్యి రూపాయల సొంత బాండుకు తగ్గించి, ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తిపరులైన జామీనుదారులను ఎక్కడినుంచి తెస్తాడని ప్రశ్నించారు. మన గుంటూరు, శ్రీకాకుళం కూలీలు పొరుగు రాష్ట్రాలకు వలస వెళ్లి చిక్కుకున్నప్పుడు ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంటుంది. బెయిలు విషయంలో న్యాయమూర్తి విచక్షణ ఎలా ఉండాలో అదే న్యాయమూర్తి అంతకు కొద్ది నెలల ముందే, 1977 డిసెంబరులో, మన హైకోర్టు నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో వివరంగా రాశారు. దేశమంతటా న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరించే తీర్పు అది. ఆ కేసుకు ఒక తెలుగు ఇంటిపేరు ఉందన్న సంగతి మనలో ఎందరికి తెలుసో.

బాండు మొత్తం మరీ ఎక్కువగా ఉండకూడదని 484వ సెక్షన్ చెబుతుంది, ఎక్కువైతే తగ్గించమని సెషన్స్ కోర్టును గాని హైకోర్టును గాని అడగవచ్చు. పూచీకి బదులు కోర్టు అనుమతితో నగదు డిపాజిట్ చేసే వీలు 490వ సెక్షన్‌లో ఉంది. మా తమ్ముడి జేబులో ఎద్దుల డబ్బు ఉన్నదని ఆ కార్యాలయానికి తెలుసు. అయినా ఈ దారి ఉందని గాని, అడిగి చూద్దామని గాని ఎవరూ అనలేదు. కోర్టు ఒప్పుకునేదో లేదో వేరే సంగతి. అడగకపోవడం మాత్రం సేవాలోపమే. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఈ విషయం మీదనే కొన్ని ఆదేశాలు ఇచ్చింది. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజు గాని మరునాడు గాని జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి ఈమెయిలులో పంపాలి, ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి, ఉచిత న్యాయ సహాయం చూసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులను సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు, స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టకపోవడం మంచిది. బెయిలు వచ్చి కూడా జైల్లో ఉండేవారు కొద్దిమందే అయి ఉంటే సర్వోన్నత న్యాయస్థానం ఈ చిన్న చిన్న ఏర్పాట్లు రాయవలసి వచ్చేది కాదు.

గురువారం నాడు తోడల్లుడి విలువ పత్రం వచ్చింది, రెండవ జామీనుదారుగా నా పాత సహోద్యోగి ఒకరు జీతం ధ్రువపత్రంతో వచ్చారు. నేను అడగకముందే వచ్చారు. సాయంత్రం నాలుగున్నరకు బాండ్లను అంగీకరించారు. విడుదల ఉత్తర్వు సబ్‌జైలుకు చేరేసరికి ఆరున్నర దాటింది, అప్పటికే లెక్క చూసి తాళాలు వేశారు, తాళం వేసిన తరువాత విడుదల ఉండదు. గేటు బయట మా తమ్ముడు, నేను అరగంట నిలబడి వెనక్కి వచ్చాము. ఆగ్రా జైల్లో బెయిలు వచ్చిన ఖైదీల విడుదల ఆలస్యమైనప్పుడు, 2021లో, ఉత్తర్వుల కోసం మనం ఇంకా ఆకాశంలో పావురాల వైపు చూస్తున్నామని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ అన్న మాట ఆ గేటు ముందు గుర్తుకు వచ్చింది. ఆ మాట ఫలితంగానే 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జైళ్లకు పంపే ఫాస్టర్ అనే ఏర్పాటు మొదలైంది. మా మండలం ఉత్తర్వు మాత్రం ఒక మనిషి చేతిలో, మోటారు సైకిలు మీద వెళ్లింది.

మావాడు ఇంటికి వచ్చాక, మొదటి రెండు రోజులు పెద్దగా మాట్లాడలేదు. మూడోరోజు వాడు చెప్పిన సంగతి విన్న తరువాత నా ఇరవై రోజుల కోపం కొంత సిగ్గుగా మారింది. వాడి పక్కన పడుకునే ఒక కూలీకి బెయిలు వచ్చి అప్పటికే నెల దాటిందట. చిన్న దొంగతనం కేసు, జామీనుదారులు లేరు, ఇంటినుంచి చూడటానికి వచ్చేవారు లేరు. "పెదనాన్నా, నా కోసం అయిదుగురు తిరిగారు, అతని కోసం ఒక్కరూ రాలేదు" అన్నాడు. తరువాత న్యాయ సేవాధికార సంస్థ తరఫు న్యాయవాది దరఖాస్తు వేసి సొంత బాండు మీద అతన్ని బయటకు తెచ్చారని తెలిసింది. దేశంలో 2022 చివరికి జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా తీర్పు రానివారే. వారందరూ బెయిలు రానివారు కారు. వచ్చిన బెయిలును వాడుకోలేనివారు కూడా ఆ లెక్కలో ఉన్నారు.

ఈ సందర్భంలోనే మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా ఆదాయ పరిమితి లేదు. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు. ఆ నంబరు సబ్‌జైలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ములాఖాతు కోసం వెళ్లిన ప్రతిసారీ దాని కిందనే నిలబడ్డాను. ఉచితమైనది నాసిగా ఉంటుందన్న పాత నమ్మకంతో దాని వైపు చూడలేదు. ఇప్పుడు చాలా జిల్లాల్లో క్రిమినల్ కేసులు మాత్రమే చూసే న్యాయ సహాయ న్యాయవాదులు ప్రత్యేకంగా పనిచేస్తున్నారు. పూచీ మొత్తం కట్టలేని పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకంలో మొదట 40,000 రూపాయల వరకు సాయం ఉండేది. డబ్బు ఉన్నవారు ప్రైవేటు న్యాయవాదిని పెట్టుకున్నా తప్పులేదు గానీ, పూచీకత్తు దగ్గర ఇరుక్కుంటే న్యాయ సేవాధికార సంస్థ తలుపు తట్టడానికి మొహమాటపడనక్కరలేదు.

విడుదల తరువాతి సేవ విషయానికి వస్తే, అది సగం సగమే. అభియోగపత్రం గడువులోగా రాకపోతే కేసు తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజులకు బెయిలు హక్కుగా వస్తుందని మాకు ప్లీడరు గారు వివరంగా చెప్పారు. మావాడికి అప్పటికే బెయిలు రావడంతో దాని అవసరం పడలేదు. గంజాయి రవాణా, మనీ లాండరింగు, ఉగ్రవాద కేసులకు వాడే ఉపా వంటి ప్రత్యేక చట్టాల కింద బెయిలు ఇంతకంటే ఎన్నో రెట్లు కఠినమని, ఇరవై కిలోలకు మించిన గంజాయి కేసులో నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉంటే తప్ప బెయిలు దొరకదని కూడా చెప్పారు. ఏజెన్సీ నుంచి సంచులు మోసి చిక్కుకున్న కుర్రాళ్లు ఆయన కార్యాలయంలో నాకు ఇద్దరు ముగ్గురు తారసపడ్డారు. అయితే వాయిదా తేదీలు గుర్తుచేసే పద్ధతి మాత్రం ఆ కార్యాలయంలో లేదు. రెండో వాయిదా తేదీ మాకు ఎవరూ చెప్పలేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల కేసు నంబరు పెట్టి నేనే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. ఒక్క వాయిదా తప్పితే నాన్ బెయిలబుల్ వారెంటు రావచ్చు, జామీనుదారుల మీదకు నోటీసు వెళ్లవచ్చు. తెచ్చుకున్న బెయిలును పోగొట్టుకోవడానికి అదే దగ్గరి దారి.

అసలు విషయం ఇంకొకటి. దర్యాప్తు పూర్తయి అభియోగపత్రం దాఖలయ్యేసరికి 109వ సెక్షన్ అందులో లేదు. మిగిలింది 118(1) మాత్రమే, మూడేళ్ల నేరం. ఏ అంకె కారణంగా మావాడు ఇరవై రాత్రులు ఇంటికి దూరంగా గడిపాడో ఆ అంకె చివరికి కాగితం మీద నిలవలేదు. దీనికి న్యాయవాది కార్యాలయాన్ని నిందించలేను. మొదటి రోజే ఈ విషయాన్ని ఊహించి, "ఇది నిలిచే సెక్షన్ కాదు, కాని ఇప్పుడు మనం దీన్ని దాటుకునే వెళ్లాలి" అన్నది ఆయనే.

ఖర్చు విషయం అడిగేవారి కోసం రాస్తున్నాను. మేజిస్ట్రేటు కోర్టు దరఖాస్తుకు ఎనిమిది వేలు, సెషన్స్ కోర్టుకు ఇరవై అయిదు వేలు, పూచీకత్తుల రోజుల్లో ఖర్చుల పేరిట నాలుగున్నర వేలు. మొదటి రెండింటికి అడిగితే రసీదు ఇచ్చారు, మూడవదానికి ఇవ్వలేదు. మొత్తం 37,500 రూపాయలు. ముప్ఫై వేల రూపాయల బాండ్లు రాయడానికి ఇంత అయింది. వాదన వరకు ఈ కార్యాలయానికి అయిదుకు నాలుగున్నర, కాగితాల పనికి ఒకటిన్నర ఇస్తాను. కలిపి సగటు తీస్తే మూడు వస్తుంది గానీ, ఆ సగటు ఎవరికీ ఉపయోగపడదు. సెషన్స్ కోర్టు బెయిలు కోసం వెళ్లేవారు నిశ్చింతగా వెళ్లవచ్చు. అయితే మొదటి రోజే, వకాలతు మీద సంతకం కాకముందే, దరఖాస్తు ఏ కోర్టులో వేస్తున్నారు, ఎందుకు అక్కడ వేస్తున్నారు, జామీనుదారులకు ఏ ఏ కాగితాలు కావాలి, ఆ కాగితాలు ఎవరి పేరున ఉండాలి అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం రాయించుకోవాలి. వేపచెట్టు కింద ఎవరైనా తెలిసినవారున్నారంటే వినిపించనట్టు నడిచిపోవాలి.

మావాడు ప్రతి ఆదివారం స్టేషనుకు వెళ్లి సంతకం చేసి వచ్చేవాడు, అభియోగపత్రం దాఖలైన తరువాత ఆ షరతును సడలించారు. గట్టు సంగతి సర్వేయరు కొలిచి రాళ్లు పాతేదాకా తేలలేదు. నేను మా నాన్నగారి పేరున ఉన్న ఇంటి పన్నును మార్చమని సచివాలయంలో అర్జీ పెట్టాను, దానికి తమ్ముడి సంతకం, వారసుల ధ్రువపత్రం కావాలన్నారు. అవి ఇచ్చి రెండు నెలలయింది. కొత్త రసీదు ఇంకా రాలేదు.